వేపకు ఒకటి, టేకుకు ఒకటి: బ్యాండ్ సా బ్లేడు ఎలా ఎంచుకోవాలి

కొత్త బ్లేడు కోసం బజారుకు పోయే ముందు ఒక పని చేయండి. ఇప్పుడు మిషన్ మీద ఉన్న బ్లేడుతోనే ఒక అంగుళం పలక కోసి చూడండి, చేత్తో ఎంత బలంగా తోయాల్సి వస్తోందో గమనించండి. భుజం మీద బరువు పడుతోందంటే, వంగి ఒళ్ళంతా పెట్టి తోస్తున్నారంటే, ఆ బ్లేడు ఆ కట్టెకు సరిపడేది కాదు, లేదా పదును పోయింది. నాకు అనంతపురంలో తలుపులు, కిటికీలు, మంచాలు చేసే చిన్న షాపు ఉంది, 24 అంగుళాల చక్రాల బ్యాండ్ సా మిషన్ (పట్టీలాంటి రంపం బ్లేడు రెండు చక్రాల చుట్టూ తిరిగేది) ఒకటి ఉంది, దాని ముందు నిలబడి 13 ఏళ్ళయింది. ఇన్నేళ్ళలో నేను చూసిన దెబ్బల్లో ఎక్కువ భాగం కట్టెను బలవంతంగా తోసినప్పుడు తగిలినవే. అందుకే బ్లేడు ఎంపిక గురించి ఎవరు అడిగినా జాగ్రత్తల గురించి కూడా కలిపే చెప్తాను, నాకు ఆ రెండూ ఒకటే మాట.

నాకు తగిలిందే చెప్తాను. ఆ రోజు టేకు పలకలు కోస్తున్నా. పొద్దున్నుంచే కోత దగ్గర కమురు వాసన వస్తోంది, చెక్క అంచు నల్లబడుతోంది, బ్లేడు మొద్దుబారిందని నాకు తెలుసు. షాపులో పిల్లోడు కూడా "అన్నా, మారుద్దామా?" అన్నాడు. ఇంకో రెండు పలకలే కదా, అవి అయినాక చూద్దాం అన్నాను. రెండో పలక చివర్లో ఎడమ బొటనవేలు వెనక అంచుకు ఆనించి గట్టిగా తోశాను. చెక్క తెగే చివరి అర అంగుళంలో ఏమౌతుందంటే, అంతసేపూ మన చేతికి ఎదురు నిలిచిన అడ్డు ఒక్కసారిగా పోతుంది, మనం పెట్టిన బలం మాత్రం అలాగే ఉంటుంది, చెయ్యి దానంతటదే ముందుకు పోతుంది. గోరు సగం పోయింది, ఐదు కుట్లు పడ్డాయి. బ్లేడు మార్చడానికి పట్టేది 15 నిమిషాలు. ఆ గోరు ఇప్పటికీ వంకరగానే పెరుగుతోంది.

24 అంగుళాల చక్రం నిమిషానికి 500 చుట్లు తిరిగితే బ్లేడు నిమిషానికి 3,100 అడుగులకు పైగా పరిగెత్తుతుంది, అంటే గంటకు 57 కిలోమీటర్ల వేగం. అంగుళానికి 4 పళ్ళున్న బ్లేడు అయితే సెకనుకు రెండున్నర వేల పళ్ళు వేలి పక్కనుంచి పోతుంటాయి. వేలు తగిలాక వెనక్కి తీసుకుందాం అనుకునేంత టైము అక్కడ ఉండదు.

ముందు కట్టె ఏదో చూడండి

బ్లేడు కంపెనీల చార్టుల్లో ఉండే కట్టెలు వేరు, మన దగ్గరికి వచ్చే కట్టెలు వేరు. కర్నూలు, అనంతపురం, కడప వైపు షాపుల్లోకి వచ్చేది ఎక్కువగా వేప, తుమ్మ, చింత, కొంత టేకు, ప్లైవుడ్, వీటన్నిటికంటే ఇబ్బంది పెట్టేది పాత మిద్దె ఇళ్ళు పడగొట్టినప్పుడు వచ్చే దూలాలు, దంతెలు.

పచ్చి వేపమాను దుంగ వచ్చిందనుకోండి, తడి ఎక్కువ, బంక ఎక్కువ. పొట్టు పొడిపొడిగా రాలదు, ముద్దలా వచ్చి పళ్ళ సందుల్లో ఇరుక్కుంటుంది. సందు నిండిపోయిన పన్ను కోయలేదు, రుద్దుతుంది, వేడెక్కుతుంది, కోత పక్కకు వంకర పోతుంది. దీనికి పళ్ళు తక్కువ, సందులు పెద్దవి, పన్ను ముందుకు వంగి ఉండే హుక్ రకం బ్లేడు కావాలి, పళ్ళ సెట్ కూడా కొంచెం ఎక్కువగా ఉండాలి. సెట్ అంటే పళ్ళను ఒకటి ఎడమకు, ఒకటి కుడికి వంచడం. పచ్చి కట్టెకు ఎక్కువ సెట్, ఎండిన కట్టెకు తక్కువ సెట్, ఈ ఒక్కటి గుర్తుంటే సాన పట్టేవాడికి మీరే చెప్పగలరు. బంక పట్టిన బ్లేడును కిరసనాయిలు గుడ్డతో తుడిస్తే చాలాసార్లు పదును తిరిగొచ్చినట్టే ఉంటుంది, ఎందుకంటే పోయింది పదును కాదు, బంక అడ్డం పడింది. తుడిచేటప్పుడు మిషన్ ఆగి ఉండాలి, మెయిన్ తీసేసి ఉండాలి.

టేకు మెత్తగా తెగుతుంది, చేతికి హాయిగా ఉంటుంది, కానీ దానిలో ఇసుకలో ఉండే సిలికానే ఉంటుంది. అందుకే టేకు కోసిన బ్లేడు అంత మెత్తని కట్టెకు అంత తొందరగా ఎందుకు మొద్దుబారిందా అని ఆశ్చర్యం వేస్తుంది. ఎండిన తుమ్మ గట్టిది, నిదానంగా కోయాలి.

తుమ్మ, చింత విషయంలో ఇంకో మాట. రోడ్డు పక్క మానుల్లో మేకులు ఉంటాయి. ట్యూషన్ బోర్డులు, ఫ్లెక్సీలు, బట్టల తీగలు, ఎప్పుడో దయ్యం వదిలించడానికి కొట్టిన మేకులు, అన్నీ మాను లోపలికి మింగేసి పైన బెరడు కప్పేస్తుంది. ఒకసారి పల్లె నుంచి ఒక పెద్దాయన తుమ్మ దుంగ ట్రాక్టర్లో తెచ్చాడు, "ఏమప్పా, మా తాత నాటిన మాను ఇది, పలకలు బాగా రావల్ల" అన్నాడు. దుంగ కొన వైపు చూస్తే ఎర్రటి చెక్క మధ్యలో సిరా ఒలికినట్టు నీలం-నలుపు మరక, రూపాయి బిళ్ళంత. తుమ్మలో టానిన్ అనే వగరు పదార్థం ఎక్కువ, ఇనుము తగిలితే అది అలా నల్లబడుతుంది. గొడ్డలితో అక్కడ చీల్చి చూస్తే వేలంత మేకు, తుప్పు పట్టి, చెక్కకు అతుక్కుని ఉంది. ఆ మరక చూసి ఉండకపోతే ఆ బ్లేడు పళ్ళు పది పదిహేను ఒక్క క్షణంలో పోయేవి, బ్లేడు తెగినా తెగేది. కాబట్టి దుంగ రెండు కొనలూ నీళ్ళు చల్లి కడిగి చూడండి. చేత్తో పట్టుకునే చిన్న మెటల్ డిటెక్టర్లు దొరుకుతాయి, పాత కట్టె పని ఎక్కువగా ఉంటే అది ఒక్క ఏడాదిలోనే డబ్బులు తిరిగి ఇచ్చేస్తుంది.

మిద్దె దూలాల్లో మేకులతో పాటు మట్టి కూడా ఉంటుంది. మన మిద్దెల మీద పోసే చౌడు మట్టి ఏళ్ళ తరబడి పగుళ్ళలోకి దిగి గట్టిపడి ఉంటుంది. దానిమీద కొత్త బ్లేడు పెట్టడం అంటే గరుకు రాయి మీద పెట్టడమే. వైరు బ్రష్ వేసి బాగా గీకి, మొదటి పైపొర కోతకు పాత బ్లేడు పెట్టి, లోపలి మంచి చెక్క తేలాక మంచి బ్లేడు పెట్టండి.

కడప వైపు వాళ్ళకు ప్రత్యేకంగా: ఎర్రచందనం దుంగ ఎవరు తెచ్చినా, ఎంత ఇస్తానన్నా, ఫారెస్టు వాళ్ళ కాగితాలు లేకుండా మిషన్ ఎక్కించొద్దు.

కార్బన్ స్టీలా, బైమెటలా, కార్బైడా

ఎక్కువమంది తడబడేది ఇక్కడే, షాపువాడు ఎప్పుడూ ఖరీదైనదాని వైపే తోస్తాడు కాబట్టి కొంచెం వివరంగా చెప్తాను.

కార్బన్ స్టీల్ బ్లేడు చవక. మన మిల్లుల్లో వాడేది ఎక్కువగా ఇదే, చుట్టగా తెచ్చి కావాల్సినంత పొడవు కోసి అతికిస్తారు. పళ్ళు మొద్దుబారితే మూడు మూలల ఆకురాయితో మళ్ళీ సాన పట్టుకోవచ్చు, సెట్ మళ్ళీ వేసుకోవచ్చు, ఇలా చాలాసార్లు. వేడికి మాత్రం తట్టుకోలేదు, ఎక్కువసేపు రుద్దుకుంటే పంటి కొన నీలం రంగు తిరిగి మెత్తబడుతుంది, ఇంక ఎంత సాన పట్టినా నిలవదు. కొనేటప్పుడు ఒకటి అడగండి: పంటి కొనలు గట్టిపరిచిన రకమా, మామూలుదా అని. గట్టిపరిచిన దానికి మామూలు ఆకురాయి పట్టదు, జారిపోతుంది, దానికి గ్రైండింగ్ రాయే దిక్కు.

బైమెటల్ అంటే వెనక భాగం స్ప్రింగులా వంగే ఉక్కు, పళ్ళ అంచు మాత్రం హైస్పీడ్ స్టీలు, ఆ రెంటినీ అంచు పొడవునా అతికిస్తారు. ఎం42 అని రాసి ఉంటే ఆ పళ్ళ ఉక్కులో 8 శాతం కోబాల్టు ఉన్నట్టు, వేడిని బాగా తట్టుకుంటుంది. ధర కార్బన్ బ్లేడుకు రెండు మూడు రెట్లు, కొన్నిసార్లు ఇంకా పైన. దీనికి టెన్షన్, అంటే చక్రాల మధ్య బ్లేడును లాగి బిగించే బిగువు, కూడా ఎక్కువ కావాలి, మిషన్ ఫ్రేము బలహీనంగా ఉంటే ఆ టెన్షన్ ఇవ్వలేరు, ఇవ్వలేకపోతే దాని లాభం సగం పోతుంది. చిన్న మిషన్లు ఉన్నవాళ్ళు ఇది గమనించకుండా కొని, బ్లేడు బాగాలేదని తిట్టుకుంటారు.

పంటి కొనలకు కార్బైడ్ అనే చాలా గట్టి పదార్థం అతికించిన బ్లేడు టేకు, ప్లైవుడ్ రోజంతా కోసేవాళ్ళకు. కోత నున్నగా వస్తుంది, రందా పని తగ్గుతుంది, పదును చాలాకాలం నిలుస్తుంది. కానీ కార్బైడ్ పెళుసు. ఒక్క మేకు తగిలితే కొనలు పెచ్చులూడిపోతాయి, సాన పట్టాలంటే డైమండ్ రాయి ఉన్న చోటికి పంపాలి.

నా లెక్క ఇలా ఉంటుంది. దుంగలు, పచ్చి వేప, పాత దూలాలు కోసేవాళ్ళు కార్బన్ తీసుకుని సాన పట్టడం నేర్చుకోండి, ఆ డబ్బుతో రెండు బ్లేడులు పెట్టుకోండి, ఒకటి సానకు పోతే ఇంకొకటి పనిలో ఉంటుంది. టేకు, ఎండిన తుమ్మ రోజూ కోసేవాళ్ళు, మిషన్ గట్టిదైతే, బైమెటల్ తీసుకోండి. పాత కట్టె ఒక్కసారైనా మిషన్ ఎక్కే షాపులో కార్బైడ్ నేను పెట్టను, ఎంత ఆశపడినా.

పళ్ళు, వెడల్పు, మందం

అంగుళానికి ఎన్ని పళ్ళు అన్నది కట్టె మందాన్ని బట్టి ఉంటుంది. కోతలో ఎప్పుడూ కనీసం మూడు పళ్ళు చెక్కలో ఉండాలి. అరంగుళం ప్లైవుడ్‌కు 3 పళ్ళ బ్లేడు పెడితే ఒకటిన్నర పన్నే లోపల ఉంటుంది, ప్రతి పన్నూ అంచును కొట్టినట్టు తగులుతుంది, పొర లేస్తుంది, ముక్క చేతిలోనుంచి ఎగురుతుంది. దానికి 10 పళ్ళది పెట్టండి. అంగుళం పలకలకు 4 నుంచి 6, ఆరంగుళాల దూలాన్ని నిలువునా చీల్చడానికి 3. దూలానికి 10 పళ్ళది పెట్టామంటే పొట్టు పోవడానికి దారి ఉండదు, మళ్ళీ తోయడమే, మళ్ళీ కమురు వాసనే.

వెడల్పు వంపును బట్టి. పావంగుళం బ్లేడు సుమారు 5/8 అంగుళం వ్యాసార్ధం దాకా తిరుగుతుంది, అరంగుళం బ్లేడు రెండున్నర అంగుళాల దాకా, ముప్పావు అంగుళం అయితే ఐదున్నర, అంగుళం బ్లేడు ఏడుంపావు. మంచంకోళ్ళ వంపులకు, దేవుడి మందిరం కమానుకు సన్నది, దుంగ చీల్చడానికి మీ మిషన్ పట్టేంత వెడల్పైనది. వెడల్పు బ్లేడుతో చిన్న వంపు తిప్పబోతే బ్లేడు మెలిక పడి చక్రం మీదనుంచి జారుతుంది. తప్పనిసరైతే ముందు గీత దాకా అడ్డకోతలు పెట్టుకుని ముక్కలు ముక్కలుగా తీసేయండి.

మందం గురించి ఎవరూ పట్టించుకోరు, నాకు బాధగా ఉండేది ఇదే. మిల్లుల్లో పాటించే లెక్క ఒకటుంది: బ్లేడు మందం చక్రం అడ్డుకొలతలో వెయ్యో వంతు మించకూడదు. 36 అంగుళాల చక్రానికి 0.036 అంగుళం, అంటే 20 గేజ్ (గేజ్ అంకె తగ్గేకొద్దీ మందం ఎక్కువ). 24 అంగుళాల చక్రానికి 0.024, అంటే 23 గేజ్. మిల్లులో మిగిలిన 20 గేజ్ ముక్క చవకగా వచ్చిందని తెచ్చి 24 అంగుళాల మిషన్‌కు ఎక్కిస్తారు. మందం బ్లేడు గట్టిది కదా అనుకుంటారు. చిన్న చక్రం మీద అది చుట్టు చుట్టుకూ ఎక్కువ వంగి నిటారౌతుంది, నిమిషానికి వందల సార్లు, తీగను అటూ ఇటూ వంచి తెంపినట్టే. కొన్నాళ్ళకు పళ్ళ సందుల్లో సన్నని పగుళ్ళు వస్తాయి, ఆ తర్వాత ఒక రోజు నడుస్తుండగానే తెగుతుంది.

ఇంక జాయింటు. బ్యాండ్ సాకు ఇంగ్లండులో విలియం న్యూబెరీ 1809లోనే పేటెంట్ తీసుకున్నా అది చాలాకాలం పనికి రాలేదు, ఎందుకంటే అతికిన చోట బ్లేడు నిలిచేది కాదు. 1846లో ఫ్రాన్సులో ఆన్ పోలిన్ క్రెపాన్ అనే ఆమె అతికే పద్ధతికి పేటెంట్ తీసుకున్నాకే దారి పడింది. ఇప్పటికీ తెగే చోటు చాలాసార్లు అతుకే. కొనేటప్పుడు వేలు నెమ్మదిగా వెనక అంచు మీద నడిపి చూడండి, అతుకు దగ్గర మెట్టు తగలకూడదు, పక్కనుంచి చూస్తే వంక ఉండకూడదు. బ్లేడు పొడవుకు లెక్క తేలికే: టెన్షన్ స్క్రూ సగంలో ఉంచి, రెండు చక్రాల నడిబొడ్డుల మధ్య దూరాన్ని రెట్టింపు చేసి, దానికి ఒక చక్రం చుట్టుకొలత కలపండి.

ఎక్కించడం, నడపడం

చుట్టిన బ్లేడు విప్పేటప్పుడు గ్లోవ్స్, కళ్ళద్దాలు తప్పనిసరి, అది పాము పడగ విప్పినట్టు ఒక్కసారిగా తెరుచుకుంటుంది, చుట్టుపక్కల ఎవరూ ఉండకూడదు. ఎక్కించాక మాత్రం గ్లోవ్స్ తీసేయండి, నడిచే బ్లేడు గ్లోవ్‌ను పట్టుకుంటే చెయ్యంతా లాక్కుంటుంది. మెడలో తువ్వాలు, చేతికి దేవుడి దారం, వేళ్ళాడే చొక్కా కొస, లుంగీ, ఇవేవీ మిషన్ దగ్గర వద్దు. దారం తీయడానికి మనసు రాకపోతే పైకి జరిపి ఫుల్ చేతుల చొక్కా గుండీలు పెట్టుకోండి.

బ్లేడు ఊగకుండా పట్టి ఉంచే పై గైడును కట్టెకు పావంగుళం పైకి దించి పెట్టండి. ఎంత ఎత్తుగా వదిలేస్తే అంత బ్లేడు బయటికి కనిపిస్తుంది, అంత వేలికి చోటు దొరుకుతుంది, పైగా బ్లేడు అటూ ఇటూ ఊగుతుంది. పలక చివరి నాలుగంగుళాలు చేత్తో తోయకండి, తోపుడుకట్టె వాడండి, వేళ్ళు ఎప్పుడూ బ్లేడు గీతకు పక్కన ఉండాలి, ఎదురుగా వద్దు. గుండ్రటి కొమ్మను చేత్తో పట్టుకుని అడ్డంగా కోయొద్దు, పళ్ళు దిగగానే అది దొర్లుతుంది, చేతిని కూడా తిప్పేస్తుంది. వీ ఆకారం గాడి పెట్టిన చెక్కలో కూర్చోబెట్టి బిగించి కోయండి. సగంలో ఇరుక్కుంటే నడుస్తుండగా వెనక్కి లాగొద్దు, బ్లేడు చక్రాల మీదనుంచి ముందుకు వచ్చేస్తుంది. ఆపి, పూర్తిగా నిలిచాక తీయండి.

"టిక్, టిక్" అని ఒకే లయలో శబ్దం వస్తే పగులు వచ్చిందని, లేదా అతుకు పోతోందని. వెంటనే ఆపి పక్కకు జరగండి. తెగినా అంతే, చక్రాలు ఆగేదాకా తలుపు తెరవొద్దు.

మన దగ్గర ఇంకో పెద్ద ప్రమాదం కరెంటు. సగం కోతలో కరెంటు పోతుంది, మనం కట్టె సర్దుకుంటూ చెయ్యి బ్లేడు దగ్గరే పెట్టి ఉంటాం, హఠాత్తుగా వస్తుంది. మామూలు మెయిన్ స్విచ్చుతో నడిపితే మిషన్ దానంతటదే మొదలౌతుంది. డీవోఎల్ స్టార్టర్ పెట్టించండి, కరెంటు పోతే అది వదిలేస్తుంది, పచ్చ బటన్ మళ్ళీ నొక్కితేనే తిరుగుతుంది. కరెంటు రాగానే దానంతటదే మొదలుపెట్టే, పొలం మోటారుకు పెట్టే ఆటో స్టార్టర్ మాత్రం రంపం మిషన్‌కు ఎప్పుడూ వద్దు. ఒక ఊర్లో అది పెట్టి నడుపుతుండటం చూసి ఆ రోజే విప్పించాను.

వేప పొట్టు గొంతులో పడితే చేదు తెలుస్తుంది, టేకు పొట్టు తెలియకుండానే పోతుంది. కట్టె పొట్టు మనిషికి క్యాన్సర్ తెచ్చే పదార్థమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే తేల్చింది. గుడ్డ కట్టుకుంటే చాలదు, మంచి మాస్కు వాడండి.

సాయంత్రం పని అయ్యాక టెన్షన్ వదిలేయండి. ఇక్కడి ఎండలకు 40 డిగ్రీలు దాటిన రోజున కోతలో వేడెక్కి బ్లేడు సాగుతుంది, రాత్రి చల్లారి కుంచించుకుంటుంది, బిగించి వదిలేస్తే ఆ లాగుడంతా బ్లేడు మీద, బేరింగుల మీద పడుతుంది. వదిలిన రోజు మోటారు దగ్గర ఒక అట్టముక్క తగిలించి పెట్టండి, పొద్దున మర్చిపోయి స్విచ్ వేయకుండా.

ఇనుప పైపులు కోయడానికి కట్టె మిషన్ వాడొద్దు, దానికి వేగం నిమిషానికి 200, 300 అడుగులకు మించకూడదు, మన మిషన్ 3,000 మీద ఉంటుంది, పళ్ళు క్షణాల్లో కాలిపోతాయి.

మా షాపులో గోడకు నాలుగు మేకులు ఉన్నాయి. మొదటిదానికి అంగుళం వెడల్పు, 3 పళ్ళ కార్బన్, దుంగలకు. రెండోదానికి ముప్పావు అంగుళం, 4 పళ్ళ బైమెటల్, టేకుకు. మూడోదానికి పావంగుళం, 10 పళ్ళది, వంపులకు, ప్లైవుడ్‌కు. కొత్తగా మిషన్ కొన్నవాళ్ళకు ఈ మూడూ చాలు. నాలుగో మేకుకు మొద్దుబారినవి తగిలిస్తాం, ప్రతిదానికీ ఎర్ర గుడ్డ కట్టి, "ఇంకో రెండు పలకలే కదా" అని ఎవరూ మళ్ళీ ఎక్కించకుండా.